రెండో వైపు గుండ్లు

లోవరాజుకి బైసికిలు తొక్కడం వచ్చునంటే సిద్ధాంతం రేవులో మొదట ఎవరూ నమ్మలేదు. వల విసిరేవాడికి ఈ సోకేమిటని నవ్వారు. కాలవల ఓవర్సీరు చంద్రరావుగారిని ఏరు దాటించినప్పుడల్లా వాడు ఆయన బండి తుడిచేవాడు. తుడుస్తూ తుడుస్తూ నడిపించాడు, నడిపిస్తూ ఒకనాడు ఎక్కేశాడు. మోకాళ్లు చీరుకుపోయిన మాట నిజమే. అయితేనేం, దొరలూ ఓవర్సీర్లూ తప్ప ఎవరూ ఎక్కని బండి మీద వాడు కాలవగట్టంట పోతుంటే నవ్విన నోళ్లే తెరుచుకుని ఉండిపోయాయి.

ఆ ఏడు చంద్రరావుగారికి కొత్త బండి వచ్చింది. పాతదాని ముందు చక్రం కరకరలాడుతోంది. ఆయన లోవరాజును పిలిచి, దీన్ని బాగుచేసుకుని సోమవారం పొద్దున్న కాగితాలు తీసుకెళ్లి, తణుకులో టపా పడవ కదిలేలోగా అందించమన్నాడు. అందిస్తే కాలవ కబుర్లు మోసే కొలువు వాడిదే, లేకపోతే ఇంకొకడిది. కాకినాడ నుంచి తెప్పించిన, చక్రంలో వేసే చిన్న ఉక్కు గుండ్ల పొట్లం కూడా చేతిలో పెట్టాడు. లోవరాజుకి ఆ వారమంతా అన్నం సహించలేదు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఇంతగా కోరుకున్నది మరొకటి లేదు.

ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో గోనె పరిచి చక్రం ఊడదీశాడు. అన్న పల్లంరాజు సాయం కూర్చున్నాడు. తల్లీతండ్రీ పోయాక లోవరాజును పెంచింది అన్నే. వాడికి ఆయన మాటంటే వేదం. చక్రం నడిబొడ్డుకు రెండు వైపులా చిన్న గిన్నెల్లాంటి గుంటలున్నాయి. వాటిలో అరిగి పెచ్చులూడిన పాత గుండ్లను పుల్లతో రాల్చి, కిరసనాయిలుతో కడిగి, కందెన దట్టంగా మెత్తి, కొత్త గుండ్లను ఒక్కొక్కటే అద్దాడు. కందెనకు అంటుకుని అవి కదలవు. నల్లగా మునిగిపోతాయి గనక పైకి కనబడవు కూడా. ఒక వైపు పూర్తయ్యేసరికి వదిన తలుపులమ్మ అన్నానికి పిలిచింది. రెండో వైపు తను చూస్తానని, చల్లారకముందే తిని రమ్మని అన్న పంపించాడు. లోవరాజు తిని వచ్చేసరికి అన్న గుండ్లు అద్ది, మూత బిగించేశాడు కూడా. తిప్పి చూస్తే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. అన్నంటే ఇలా ఉండాలని ఆ పిచ్చివాడు మురిసిపోయాడు.

సోమవారం పెనుగొండ దాటేదాకా బండి హాయిగా పోయింది. ఆ తర్వాత బరువెక్కింది. ఇరగవరం దగ్గర ముందు చక్రం ఒక్కసారిగా పట్టేసి లోవరాజును గట్టు మీద పడేసింది. వాడు లేచి, బండిని భుజాన వేసుకుని పరుగెత్తాడు. తణుకు చేరేసరికి టపా పడవ వెళ్లిపోయింది. చంద్రరావుగారు చెడ్డవాడు కాడు, కానీ ఆడిన మాట మీద నిలబడే మనిషి. కొలువు అత్తిలి కుర్రాడికి పోయింది.

తను చేసిన తప్పేమిటో తెలుసుకుని మరీ బండి తిరిగి ఇద్దామని లోవరాజు ఇంటి దగ్గర చక్రం విప్పాడు. తను అద్దిన వైపు గుండ్లు కొత్త నాణేల్లా మెరుస్తున్నాయి. రెండో వైపు బూడిదరంగు ముద్ద. గోరుతో గీస్తే గీత పడింది. సీసం. అందులో సగమే నలిగిన గుండొకటి దొరికితే పంచె చెంగుతో తుడిచి చూశాడు. దాని మీద మూడు గాట్లున్నాయి.

ఆ రేవులో ఏ ఇంటి వలకు కట్టే సీసపు గుండ్లు ఆ ఇంటి వాళ్లే సొంత అచ్చులో పోసుకుంటారు. ఏట్లో వలలు చిక్కుపడితే ఎవరిది ఎవరిదో తేల్చుకోవడానికి అచ్చులోనే గుర్తు ఉంటుంది. మూడు గాట్లు ఈ ఇంటివి, వాళ్ల నాన్న పెట్టినవి. ఇవి వల తాడు ఎక్కించే బెజ్జం పొడవకముందే తీసి దాచినవి.

లోవరాజు ఆ గుండును తీసుకెళ్లి అన్న ముందు పెట్టాడు. పొరపాటున కలిసిపోయాయా అని అడిగాడు. అవునంటే నమ్మేసేవాడే. నమ్మాలనే అడిగాడు.

పల్లంరాజు తల ఎత్తలేదు. "పొరపాటు కాదురా తమ్ముడా. నువ్వు కొలువులో చేరితే పెద్ద వల రెండో కొస ఎవడు పట్టుకుంటాడు? నా ఒక్కడి వల్ల అవుద్దా?"

"వద్దని ఒక్క మాటంటే ఆ బండి ముట్టుకునేవాణ్ణి కాదన్నయ్యా," అన్నాడు లోవరాజు. "తెల్లారగట్ల నీతో వల లాగి, ఆ తరవాతే కొలువుకి పోదామనుకున్నాను."

లోవరాజుకి కొలువు పోయినందుకు కాదు, అన్నం తిని రమ్మని ఆప్యాయంగా పంపించి ఆ పని చేసినందుకు కడుపు మండిపోయింది. పరాయివాడు చేసి ఉంటే కొట్టేవాడు. అన్నను ఏం చేయాలో తెలియక బయటికొచ్చేశాడు.

మర్నాడు వాడు అదే రేవులో ఇంకో జాలరి అమ్మిరాజు పడవలో కూలికి కుదిరాడు. పల్లంరాజు పెద్ద వల ఒడ్డున వేసుకుని సాయానికి వచ్చేవాళ్ల కోసం చూశాడు. సంగతి అప్పటికే రేవంతా పాకింది, తోడబుట్టిన తమ్ముడికే చేసినవాడు తమకు చేయడా అని ఎవరూ రాలేదు. పొద్దెక్కాక అమ్మిరాజు పడవ రేవు ముందు నుంచి పోతుంటే నడుములోతు నీళ్లలోకి దిగి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచాడు. లోవరాజుకి స్పష్టంగా వినపడింది. పక్కన కూర్చున్న అమ్మిరాజు, మీ అన్న పిలుస్తున్నాడన్నాడు. లోవరాజు తెడ్డు ఆపలేదు.