చివరి మెలిక

మందుల పెట్టెల్లో సన్నగా మడిచిన కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. పొరపాటున విప్పినవాళ్ళు మళ్ళీ మడవలేక, ఉండ చుట్టి పెట్టెలో కుక్కి, మూత పడటం లేదని విసుక్కుంటారు. ఆ కాగితానికి ఎన్ని మడతలుండాలో, ఏ మడత తర్వాత ఏది రావాలో తేల్చే మనిషి ఎక్కడో ఒకరు ఉంటారని వాళ్ళకి తట్టనే తట్టదు. ఆ మనిషి పేరు మడతలమ్మ. అసలు పేరు ప్రెస్సు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా లేదు.

కొత్త మందు వస్తే కొత్త కాగితం వస్తుంది. మడతలమ్మ దాన్ని బల్ల మీద పరిచి, వెదురు బద్దతో గీకుతూ నిలువునా అడ్డంగా మడిచి, బొటనవేలంత చేసి మిషను వాళ్ళ చేతిలో పెడుతుంది. ఆ తర్వాత మిషను అదే మడతని లక్షల్లో వేస్తుంది. సాయంత్రం ఐదున్నరకి ఆమె ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఒక కప్పు టీ పెట్టుకుని, మళ్ళీ మడవడానికే కూర్చుంటుంది. పగలంతా చేసిన పనే సాయంత్రం సరదాకి కూడా చేస్తుందని తెలిసి ప్రెస్సులో అందరికీ ఆమె మీద కాస్త జాలి.

ఇంట్లో మడిచేది వేరని వాళ్ళకేం తెలుసు? కాగితం మడిచి బొమ్మలు చేసే ఓరిగామి అనగానే జనానికి కొంగలూ కప్పలూ పడవలూ గుర్తొస్తాయి. ఆమెది ఆ రకం కాదు. మంచమంత పలచటి కాగితం మీద వేల గళ్ళు మడత పెట్టి విప్పి, ఆ గీతల వెంబడి ఆరు పలకల మెలికలు ఒకదాని పక్కన ఒకటి తిప్పుకుంటూ పోవాలి. కత్తెర లేదు, జిగురు లేదు. వెనక దీపం పెడితే కాగితం లోపల పొరలు పొరలుగా పువ్వులు కనిపిస్తాయి. అయితే ప్రతి మెలికా కొంత కాగితాన్ని తన కిందికి లాక్కుంటుంది. మంచమంత కాగితం పని పూర్తయ్యేసరికి దిండంత అవుతుంది.

కాగితంతో పాటు ఇల్లూ తగ్గుతూ వచ్చింది. మొదటి ఏడాది వెనక వసారా పోయింది. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడు గోడ పట్టుకుని వెనక్కి వెళ్ళబోయి, అక్కడే ఆగి అడిగాడు.

"ఏమ్మా, వసారా మడిచేశారా?"

"అవునయ్యా. పోయిన వారమే."

"పోనీలెండి, ఊడ్చుకునే పని తగ్గింది" అని మీటరులో అంకె రాసుకుని వెళ్ళిపోయాడు.

రెండో ఏడాది అక్క గది పోయింది. ఆ సాయంత్రం ప్రెస్సు నుంచి వచ్చి చూస్తే, గది ఉండాల్సిన చోట అటు గోడా ఇటు గోడా కలిసి నిలువునా ఒక మడత గీత మాత్రం ఉంది. మంచం, బీరువా, గీతల బల్ల అన్నీ పొరల మధ్యకి వెళ్ళిపోయాయి. మడతలమ్మ ఆ గీత మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత వెళ్ళి టీ పెట్టుకుంది. ఆ తర్వాతి ఏళ్ళలో మధ్య గది, సామాన్ల గది, స్నానాల గదిలో సగం వరసగా మడతల్లోకి పోయాయి. పక్కింటి టైలరు మాత్రం సంతోషించాడు. ఆమె గోడ వెనక్కి జరిగిన కొద్దీ అతని కుట్టు మిషను మీదికి ఎండ వచ్చింది.

అక్క అంటే ఆమెకన్నా ఐదేళ్ళు పెద్దది. వీధిలో గీతలమ్మ అనేవాళ్ళు. ఆ ఇంట్లో గీయడం అక్కది, మడవడం చెల్లెలిది. ఏ మడత పైకి లేవాలో, ఏది కిందికి దిగాలో అక్క ముందే లెక్కగట్టి నమూనా గీసేది. ఎర్ర గీత అంటే గట్టులా పైకి లేచే మడత, నీలం గీత అంటే పల్లంలా కిందికి దిగే మడత. అక్క గీసిన నమూనా పక్కన పెట్టుకుని చెల్లెలు కాగితం మడిచేది. ఇద్దరూ పెళ్ళి ఊసెత్తలేదు, అడిగేవాళ్ళు కూడా అడిగి అడిగి అలిసిపోయారు. సాయంత్రాలు వాళ్ళ ఇంట్లో దీపం కింద ఇద్దరి తలలూ ఒకే కాగితం మీద వంగి ఉండేవి.

ఏడేళ్ళ క్రితం ఊళ్ళో చిన్న ప్రదర్శన ఒకటి జరిగింది. వాళ్ళ కాగితం గోడకి తగిలించి కింద కార్డు పెట్టారు. కార్డు మీద మడతలమ్మ పేరు ఒక్కటే ఉంది. నిర్వాహకులది పొరపాటే. కానీ తన పేరేదని అక్క అడిగినప్పుడు, చుట్టూ పదిమంది మెచ్చుకుంటున్న మైకంలో మడతలమ్మ ఒక మాట అనేసింది.

"గీతలు ఎవరైనా గీస్తారక్కా. మడవడానికే చెయ్యి కావాలి."

అక్క మర్నాడు ఉదయమే వేరే ఊళ్ళో ఒక బడికి డ్రాయింగు టీచరుగా వెళ్ళిపోయింది. పోతూ పోతూ బల్ల మీద ఒక కొత్త నమూనా పెట్టి వెళ్ళింది. అంత చిక్కు నమూనా అక్క అంతకుముందెప్పుడూ గీయలేదు. కింద పెన్సిలుతో రెండే మాటలు: "మడువు, చూద్దాం."

చెల్లెలికి రోషం వచ్చింది. ఆ పూటే మొదలుపెట్టింది. అలా మొదలైందే ఈ ఏడేళ్ళ పని.

రోషం మూడేళ్ళకి కరిగిపోయింది. అక్కకి ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు కూర్చుంది. రాయడం మొదలుపెడితే ముందు ఆ మాట గురించి రాయాలి. దాన్ని ఎలా రాయాలో తెలియక ఆ కాగితం కూడా ఏదో ఒకటి మడిచి పక్కన పడేసేది. ఆదివారాలు మరీ కష్టంగా ఉండేవి. ప్రెస్సు ఉండదు, గొంతు విప్పే పనే పడదు. సోమవారం ప్రెస్సులో మొదటి మాట మాట్లాడినప్పుడు తన గొంతు తనకే బొంగురుగా వినిపించేది. రెండో టీ కప్పు సామాన్ల గదితో పాటు మడతల్లోకి పోయింది, దాని అవసరం కూడా రాలేదు. ఒంటరితనం అలవాటవుతుందని అంటారు గానీ ఆమెకి అవలేదు. అలవాటైనట్టు కనిపించడం మాత్రం బాగా వచ్చింది.

ఇప్పుడు ఇల్లంటే ఒకటే గది. ఒక మంచం, ఒక స్టవ్, ఒక కిటికీ. కాగితంలో ఒక్క మెలిక మిగిలింది, మూలన ఉన్న చివరిది. నాలుగు నెలలుగా అది తిరగనని మొండికేసింది.

"మరి ఆ ఒక్కటీ తిరిగితే మీరెక్కడుంటారమ్మా?" అని టైలరు ఒకరోజు కిటికీలోంచి అడిగాడు.

"అప్పుడు చూసుకుందాంలే."

పెద్ద ప్రదర్శనశాల నుంచి ఒకావిడ వచ్చి కాగితం చూసి, నడి హాల్లో వేలాడదీస్తామని చెప్పింది. వచ్చే సోమవారం తీసుకెళ్తానంది. "కార్డు మీద పేరేం రాయమంటారు?" అని కూడా అడిగింది. మడతలమ్మ తర్వాత చెప్తానంది.

శనివారం సాయంత్రం ఉత్తరం వచ్చింది. అక్షరాలు అక్కవి కావు, మాటలు మాత్రం అక్కవే.

"నీటికాసులట. కుడి కన్ను పోయింది, ఎడమ కన్ను సగం. ఈ ఉత్తరం మా బడి ఆయా రాస్తోంది, తప్పులుంటే ఆమెవి. బడి వాళ్ళు మంచివాళ్ళు, పొమ్మనలేదు. నాకే సిగ్గేసి మానేశాను. ఈ ఆదివారం రెండింటికి అక్కడికి చేరతాను. నా గది ఉంటే ఉంటాను. లేకపోతే మూడింటి బస్సుకి వెనక్కి వస్తాను. ఇక్కడ ఎవరూ లేనివాళ్ళ ఆశ్రమంలో ఒక మంచం ఇస్తామన్నారు."

మడతలమ్మ ఉత్తరం రెండుసార్లు చదివి గది చుట్టూ చూసింది. మంచం పక్కన ఇంకో మనిషి నిలబడాలంటే స్టవ్ మీద నిలబడాలి. నేల మీద పడుకుందామంటే నేలే లేదు. అక్క గది రెండో ఏడాది మడతల్లో ఉంది. దాన్ని విప్పాలంటే తర్వాతి ఐదేళ్ళూ విప్పాలి. చివర మడిచింది ముందు విప్పాలి, ఇందులో దొడ్డిదారి లేదు. పైగా ఏడేళ్ళు చేతుల్లో నలిగిన కాగితం. ఒకసారి విప్పితే మళ్ళీ మడతకి రాదు, మడతలు కలిసే కూడళ్ళ దగ్గర చిరిగిపోతుంది. ఆమె బతుకంతా చేసినవాటిలో ఆమెకి నచ్చింది ఇదొక్కటే.

కాగితం ఒళ్ళో పెట్టుకుని చివరి మెలిక మీద బొటనవేళ్ళు ఆనించింది. పూర్తి చేసి ఒక్కసారి చూసుకుందామనిపించింది. గట్టిగా నొక్కి తిప్పింది. కిటికీ వణికి అరచెయ్యంత అయింది, తలుపు సన్నబడింది, పైకప్పు జుట్టుకి తగిలింది. మెలిక సగం తిరిగి, టప్పున వెనక్కి వచ్చేసింది. కిటికీ మళ్ళీ కిటికీ అంత అయింది. ఆమె కాగితం పక్కన పెట్టి ఏడ్చింది. కొంత మెలిక తిరగనందుకు, కొంత అక్క ఎవరూ లేనివాళ్ళ దగ్గరికి వెళ్ళబోతున్నందుకు.

ఆదివారం ఉదయం ఏడింటికి ప్రెస్సు బల్ల దగ్గర కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. మడిచిన చేతికి విప్పడం రాలేదు. మొదటి పది మెలికలకి గంట పట్టింది. తర్వాత వేళ్ళకి దారి తెలిసింది. తొమ్మిదింటికి స్నానాల గది పూర్తిగా వచ్చింది. పదకొండింటికి సామాన్ల గది, దుప్పటి దులిపిన చప్పుడుతో, రెండో టీ కప్పుతో సహా. గోడలన్నిటి మీదా మడత గీతలున్నాయి. పన్నెండింటికి టైలరు అవతలి నుంచి కేకేశాడు.

"మా ఎండ పోతోందమ్మా! చుట్టాలొస్తున్నారా ఏంటి?"

"మా అక్క వస్తోంది!" ఇంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్ళైందో ఆమెకి గుర్తులేదు.

ఒంటిగంటన్నరకి కాగితం మూడు చోట్ల చిరిగింది. మూడో చిరుగుతో అక్క గది తెరుచుకుంది. బీరువా, బల్ల, బల్ల మీద ఎర్ర పెన్సిలు, నీలం పెన్సిలు, అక్క మర్చిపోయిన కళ్ళజోడు. దుమ్ము కూడా లేదు. మడతల్లో ఉన్నన్నాళ్ళూ ఆ గదిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు మరి. మడతలమ్మ ఆగలేదు, మొదటి వరస దాకా విప్పేసింది. వసారా కూడా వచ్చి కూర్చుంది.

అక్క వచ్చింది. సన్నబడింది. గుమ్మంలో నిలబడి తలుపు చట్రం తడిమింది, తర్వాత గోడ తడుముకుంటూ తిన్నగా తన గదిలోకి వెళ్ళింది. మంచం మీద కూర్చుంది.

"ఉందే" అంది.

"ఉంది" అంది చెల్లెలు.

అక్క చెయ్యి చాపింది. "ఏదీ, ఇలా ఇవ్వు."

విప్పిన కాగితాన్ని చెల్లెలు అక్క ఒడిలో పరిచింది. అక్క కళ్ళు మూసుకుని బొటనవేలు నడిపించింది. గట్టు మడతలు వేలికి తగులుతాయి, పల్లం మడతల్లో వేలు దిగుతుంది. వరస తర్వాత వరస చదువుతూ వెనక్కి వెనక్కి వెళ్ళి, మొట్టమొదటి వరసలో ఆగింది.

"ఇక్కడ ఎర్ర గీతని నీలం అనుకున్నావు. గట్టు వెయ్యాల్సిన చోట పల్లం వేశావు. ఇదే వరస వరసకీ జరుగుతూ చివరి మూల దాకా పోయి ఉంటుంది. ఆఖరిది తిరగలేదు కదూ?"

"తిరగలేదు."

"ఎప్పుడు మడిచావే ఇది?"

"నువ్వు వెళ్ళిన రోజే. ఏడుస్తూ మడిచాను. రంగులు సరిగ్గా కనపడలేదు."

అక్క చెయ్యి ఆ తప్పు మడత మీదే ఉండిపోయింది.

"నేను కోపంతో గీశానే దీన్ని. గీసింది గీసినట్టు మడిస్తే ఆఖరి మెలికతో మొత్తం మూసుకుపోతుంది. విప్పడానికి ఒక్క అంచు కూడా బయట మిగలదు."

"అంటే నిన్న అది తిరిగి ఉంటే..."

"లోపలే ఉండిపోయేదానివి."

అక్క చెల్లెలి చెయ్యి వెతికి పట్టుకుంది. ఏడేళ్ళ క్రితం రాలిన ఆ కన్నీళ్ళే లేకపోతే ఈ రెండింటికి అక్క తడుముకోవడానికి వీధిలో గుమ్మమే ఉండేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది.

"అక్కా, నేను ఆ రోజు అన్న మాట..."

"కొత్త కాగితం ఉందా ఇంట్లో?"

"ఉంది. ఎందుకు?"

"నాకిక గీతలు కనపడవు. వేళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి, మడుస్తాను. నువ్వు గియ్యి."

"నాకు గీయడం ఎక్కడొచ్చు?"

"గీతలు ఎవరైనా గీస్తారన్నావుగా" అంది గీతలమ్మ. "గియ్యి మరి."

మడతలమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. బల్ల ముందు కూర్చుని ఎర్ర పెన్సిలు తీసుకుంది. మొదటి గీత గీస్తుండగా వీధి చివర మూడింటి బస్సు హారను వినిపించింది. ఆ చప్పుడికి గీత కాస్త వంకర పోయింది.

సోమవారం ప్రదర్శనశాల ఆవిడ వచ్చి చిరిగిన కాగితం చూసి, అయ్యో అనుకుంటూ వట్టి చేతులతో వెళ్ళింది. వెళ్ళే ముందు అక్కాచెల్లెళ్ళు ఆమెకి కార్డు మీద రాయాల్సిన రెండు పేర్లూ ఒక చీటీ మీద రాసిచ్చారు, ఎప్పటికైనా పనికొస్తుందని. నెలాఖరున మీటరు చూడటానికి వచ్చినవాడు వీధి గోడ ఒక పక్కకి వంకర తిరిగి ఉండటం చూశాడు. తల పక్కకి వంచి ఒకసారి పరికించాడు.

"ఇంట్లో ఎవరో కొత్తగా గీతలు నేర్చుకుంటున్నట్టున్నారు" అని, అంకె రాసుకుని, వసారా మీదుగా వెనక్కి వెళ్ళాడు.