హాల్లో వేసిన పరుపు

నేను ఒక పరుపును. మంచం ఎక్కే రాత లేనిదాన్ని. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ ఫ్లాటులో, హాల్లో సోఫాకీ గోడకీ మధ్య నేలమీదే నా బతుకంతా గడిచింది. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. ఒక యంత్రం స్పాంజిని కోసింది, ఇంకో యంత్రం గుడ్డ తొడిగింది, చుట్టచుట్టి ప్లాస్టిక్ సంచిలో కుక్కారు. నన్ను కొన్న తెలుగు కుర్రాళ్ళు ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ నన్ను తర్వాతి బ్యాచ్‌కి అప్పగించారు, వాళ్ళు ఆ తర్వాతివాళ్ళకు. కుక్కరు, పోపుల డబ్బా, నేను. ఆ ఫ్లాటుకున్న ఉమ్మడి ఆస్తి ఇంతే.

నా ఉద్యోగం కొత్తగా దిగినవాళ్ళను మోయడం. విమానం దిగి, గది తాళం చేతికొచ్చేదాకా ఎక్కడ పడుకోవాలో తెలియక బిక్కుబిక్కుమంటూ వచ్చే పిల్లలు నా మీదే వాలతారు. ఒకడు పాస్‌పోర్టు తలకింద పెట్టుకుంటాడు, ఒకడు దుప్పట్లో మొహం దాచుకుని ఏడుస్తాడు. అందరి కన్నీళ్ళూ నాలోకే ఇంకాయి. ఒకరి కన్నీళ్ళకూ ఇంకొకరి కన్నీళ్ళకూ తేడా నాకెప్పుడూ తెలియలేదు.

దిలీప్ సెప్టెంబరులో వచ్చాడు, వానలో తడుస్తూ, రెండు సూట్‌కేసులతో. నలుగురుండే ఆ ఫ్లాటులో ఒక గది ఖాళీగా ఉంది. అందులోకి ఎవరు రావాలో అక్కడున్న ముగ్గురూ చెబితే, యూనివర్సిటీ ఆ గది ఆ మనిషికే ఇస్తుంది. బయట అద్దెలు దిలీప్ భరించలేడు. ఆ గది దొరక్కపోతే చదువే ఆగిపోతుంది. ఆ సంగతి వచ్చిన రోజే దాచుకోకుండా చెప్పేశాడు.

ముగ్గురిలో పెద్దవాడు యశ్వంత్. తలుపు తీసి, సూట్‌కేసు అందుకోకముందే అడిగాడు.

"పూర్తి పేరేంటి తమ్ముడూ?"

"వేములూరి దిలీప్ అన్నా."

"వేములూరోళ్ళా! ఏ ఊరు?"

"కనిగిరి పక్కన అన్నా."

యశ్వంత్ మొహం వెలిగిపోయింది. వాళ్ళ మేనత్తనిచ్చింది కూడా ఆ వైపు వేములూరి వారికేనట. వెనక్కి తిరిగి మిగతా ఇద్దరికీ కేకేశాడు. "ఒరేయ్, మనోడేరా!"

ఇక చూడాలి మర్యాదలు. వేడివేడి అన్నం, కోడిగుడ్డు పులుసు, నా మీదికి ఉతికిన దుప్పటి. చలికోటు అరువిచ్చారు, బ్యాంకుకు తోడెళ్ళారు. "ఆ గది నీదే. సోమవారం యూనివర్సిటీ ఆఫీసుకు పోయి నీ పేరు చెప్పేసొద్దాం" అన్నాడు యశ్వంత్. ఆ పూట దిలీప్ నా మీద కాళ్ళు బారజాపుకుని, గురకపెట్టి మరీ నిద్రపోయాడు. మనుషులు ఇంత మంచివాళ్ళా అని నేను మురిసిపోయాను. పరుపును కదా, ఆ మాత్రం తెలివితక్కువతనం ఉంటుంది.

ఆదివారం నలుగురూ హాల్లో కూర్చుని చికెన్ తింటున్నారు. మాటల్లో యశ్వంత్ అడిగాడు.

"ఇంటర్ ఎక్కడ చదివావురా? విజయవాడేనా?"

"లేదన్నా. సాంఘిక సంక్షేమ గురుకులంలో. మా ఇంగ్లీషు మేడమే దగ్గర కూర్చుని ఈ యూనివర్సిటీకి అప్లై చేయించింది" అన్నాడు దిలీప్ గర్వంగా.

యశ్వంత్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంటుందని ఆ చదువుకున్నవాళ్ళకు అప్పుడు గుర్తొచ్చింది. "ఓహో" అన్నాడు. మిగతా ఇద్దరూ ఫోన్లు తీసుకుని తల దించుకున్నారు. కులం అన్న మాట ఎవరూ పైకి అనలేదు. అంత మొరటువాళ్ళు కారు, మాస్టర్స్ చేస్తున్నారు.

సోమవారం ఆఫీసుకు బయల్దేరదామని దిలీప్ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే యశ్వంత్ వచ్చి నిలబడ్డాడు.

"ఏమనుకోకు దిలీప్." తమ్ముడన్న పిలుపు అప్పటికే పోయింది. "మా పిన్ని కొడుకు వస్తన్నాడు. ఆ రూము వాడికే ఇవ్వమని ఇంట్లో ఒకటే గొడవ. ఈ రాత్రికే దిగుతన్నాడు. ఈ పరుపు కూడా వాడికి కావాల."

"నేను ఉత్త నేలమీదైనా పడుకుంటానన్నా. వేరే రూము దొరికిందాకా."

"అట్టా కుదరదులే. ఇరుకైపోద్ది."

దిలీప్ ఇస్త్రీపెట్టె ఆపేశాడు. దుప్పటి మడతపెట్టి నా మీద ఉంచాడు. అరువిచ్చిన చలికోటు తెచ్చి దాని మీద పెట్టాడు. సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. నోరుంటే ఆ రోజు అరిచి ఉండేదాన్ని.

పిన్ని కొడుకు కోసం ఎయిర్‌పోర్టుకు ఎవరూ వెళ్ళలేదు. అలాంటివాడే లేడు. సాయంత్రానికే ముగ్గురూ కలిసి నన్ను మెట్లమీదుగా దించి చెత్తడబ్బాల పక్కన నిలబెట్టారు. "వాసనొస్తందిరా, కొత్తది కొందాం" అన్నాడు ఒకడు. అంతకుముందొకసారి వీళ్ళలోనే ఒకడు తాగొచ్చి నా మీద కక్కుకున్నాడు. అప్పుడు సబ్బుతో రుద్ది, ఎండబెట్టి, జాగ్రత్తగా దాచుకున్నారు.

రాత్రంతా వాన. పొద్దున్నే దిలీప్ ఆ దారిన వచ్చాడు. ఎక్కడ తలదాచుకున్నాడో, బట్టలు నలిగిపోయి ఉన్నాయి. నన్ను చూసి ఆగాడు. వంగి నా అంచు పట్టుకుని చూశాడు, తల ఎత్తి ఆ ఫ్లాటు కిటికీ వైపు చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది. అప్పుడే ఫోను మోగింది. వాళ్ళమ్మ.

"రూము ఇచ్చారా నాయనా?"

"ఇచ్చారమ్మా."

"తెలుగోళ్ళున్నారని నాకు దిగులే లేదు. ఆ పెద్దబ్బాయికి ఒకసారి ఫోనియ్యి. నా బిడ్డకి ఇంత చేశాడు, దండం పెట్టుకుంటా."

దిలీప్ మళ్ళీ ఆ కిటికీ వైపు చూశాడు.

"ఇంకా లేవలేదమ్మా" అన్నాడు.

చెత్త లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని నన్ను పైకెత్తారు. నా మీద ఎవరు పడుకున్నారని వాళ్ళు అడగలేదు.