రెండు కట్టల మధ్య నీరు

తెల్లవారుతుండగా ఆయిలింజను చప్పుడు వినిపించింది. దాలయ్య కర్ర తీసుకుని కాలవగట్టు మీదికి పరిగెత్తాడు.

దాలయ్య కాలవ లస్కరు. ఉక్కు ఫ్యాక్టరీకీ విశాఖ కుళాయిలకీ నీరు మోసే మట్టికాలవకి కాపలా మనిషి. రెండువేల మూడు ఎండాకాలం మరమ్మతులకని కాలవలో నీరు ఆపేశారు. అడుగంతా సిమెంటు వెయ్యడానికి కంట్రాక్టరు మనుషులు కంకర దింపుకుని కూర్చున్నారు. సిమెంటు పడితే నేలలోకి నీరు దిగదు. దిగువన పాలెం మొత్తానికి ఉన్నది ఒక్కటే మంచినీళ్ళ బావి. అది ఎండిపోతుంది. ఈ సంగతి పాలెంలో అందరికీ తెలుసు.

ముందురోజు అనూరాధ అనే ఇంజనీరు వచ్చింది. పాలెం ఎదురుగా కాలవకి రెండు మట్టికట్టలు అడ్డం వేయించి, కాలవలో మిగిలిన కాస్త నీరూ ఆ మధ్యలో నింపించి, నీటిమట్టం చూడ్డానికి కొలకర్ర పాతింది. బావిలోకి టేపు దించి లోతు చూసుకుంది. "రేపు వచ్చేదాకా ఈ నీటిని ఎవరూ ముట్టుకోకూడదు" అని దాలయ్యకి చెప్పి విశాఖ బస్సెక్కింది.

ఇప్పుడు గట్టు మీద దాలయ్య బావ వరహాలు నిలబడి ఉన్నాడు. ఇంజను గొట్టం ఒక కొస బావిలో ఉంది. రెండో కొస నుంచి కట్టల మధ్యకి నీరు ధారగా పడుతోంది.

"ఇంజనాపు బావా."

"ఆపను. ఎల్లి పడుకో."

"మతి పోనాదేటి నీకు? బావి నీరు కాలవలో పోస్తన్నావ్?"

"నీరు దిగిపోతందని ఆ ఇంజనీరు గుంట రాసుకుపోతే సిమెంటు ఏసెత్తారు. దిగనేదని రాసుకోవాల. అప్పుడు మన జోలికి రారు. గవర్మెంటు కూడు తింతన్నోడివి, నీకేటి తెలుస్తాది!"

దాలయ్య వంగి గొట్టం లాగేశాడు. వరహాలు పార తిరగేసి అతని నెత్తి మీద కొట్టాడు. దాలయ్య కూలబడి, లేచి, కర్రతో వరహాలు మోకాలి మీద వేశాడు. ఇద్దరూ ఒకరి జుట్టు ఒకరు పట్టుకుని దొర్లుకుంటూ కాలవలో పడ్డారు. వరహాలు అతని తలని నీళ్ళలోకి అదిమి పట్టాడు. ఎర్రటి బుడగలు పైకి వచ్చాయి.

తవిటమ్మ కేకలు వేస్తూ దిగింది. ఆమె వరహాలు పెళ్ళాం, దాలయ్య చెల్లెలు. మొగుడి ముంజేతిని పళ్ళతో పట్టుకుని, వదిలేదాకా కొరికింది.

"నా అన్నని సంపేత్తావేటి సచ్చినోడా!"

బావిలో నీరు అడుగంటి ఇంజను గాలి పీల్చుకుంది. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

పొద్దెక్కాక అనూరాధ వచ్చింది. నెత్తికి చీరముక్క చుట్టుకుని దాలయ్య గట్టు మీద కూర్చున్నాడు.

"ఏమైంది?"

"జారిపడ్డాను."

డ్యూటీలో ఉన్న లస్కరుని కొట్టాడంటే వరహాలుకి జైలే. తవిటమ్మ ఆ పక్కనే నిలబడి ఉంది.

అనూరాధ కొలకర్ర చూసింది. బావిలోకి టేపు దించింది. ఆమె మొహం మారిపోయింది.

"కాలవలో నీరు తగ్గనే లేదు. బావిలో పడిపోయింది. ఈ బావికీ కాలవకీ సంబంధం లేదనే రాయాలిక."

"రాసీయండి మేడమ్" అని నవ్వాడు గవర్రాజు, కంట్రాక్టరు మేస్త్రీ. "మా మిక్సరు తుప్పట్టిపోతంది."

వరహాలు కుంటుతూ ముందుకొచ్చాడు. "అదేటమ్మా? నీరు దిగకపోతే సిమెంటు ఎయ్యరు గదా?"

"సిమెంటు ఎప్పుడో ఖాయమైంది బాబూ. ఈ నీరే మీ బావిలో ఊరుతోందని తేలితే, కాలవలో ఈ ముక్క సిమెంటు లేకుండా వదిలేయమని అడుగుదామనే నేను వచ్చాను."

వరహాలు ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నీరు పోసింది నానే అమ్మా. మా బావ నెత్తి పగలగొట్టిందీ నానే. మళ్ళీ కొలువు. నీ కాల్లు పట్టుకుంతాను."

గవర్రాజు అతని కడుపులో తన్నాడు. "కొలిసింది సాలు. కట్ట కొట్టండ్రా!"

ఇద్దరు కూలీలు గునపాలతో కట్టెక్కారు. ఆ నీరు పోతే మళ్ళీ నింపడానికి పైనుంచి చుక్క రాదు. దాలయ్య వెళ్ళి వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. గునపం అతని మోచేతి మీద పడింది. చెయ్యి వేలాడిపోయింది. అయినా కదల్లేదు. రెండో గునపం లేచేలోగా వరహాలు పాక్కుంటూ వచ్చి, పొద్దున్నటి పారతోనే గవర్రాజు కాలు మీద నరికాడు. ఎముక విరిగిన చప్పుడు గట్టు మీద అందరికీ వినిపించింది. మేస్త్రీ అరుపులకి గునపాలు కింద పడ్డాయి.

అనూరాధ నడుంలోతు నీళ్ళలో దిగి, కొలకర్ర కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.

మధ్యాహ్నం పోలీసు జీపొచ్చింది. వరహాలు తనే ఎక్కి కూర్చున్నాడు.

"బావా, నీరు సూసుకో."

దాలయ్య తలూపాడు. ఆస్పత్రికి పోకుండా, విరిగిన చేతిని తువ్వాలుతో మెడకి కట్టుకుని కట్ట మీదే కూర్చున్నాడు.

మర్నాటికి కొలకర్ర మీద నీరు జానెడు దిగింది. బావిలో ఖాళీ అయిన నీరు మళ్ళీ పైకి ఊరింది. అనూరాధ రెండూ రాసుకుంది. ఆ రాతతో పాలెం ఎదురుగా సిమెంటు ఆగింది.

ఆ పొద్దుట బావిలో మొదటి చేద తవిటమ్మే తోడింది. ఆ నీరు సీసాలో పోసుకుని, మొగుడికి ఇవ్వడానికి పోలీసు స్టేషనుకి బయల్దేరింది.