తరుగు పోను ముప్పై కిలోలు

సిరొంచ బజారులో చింతపండు, ఇప్పపువ్వు కొనే వాహిద్‌కు తూకం సంగతి ఒకరు నేర్పాల్సింది లేదు. జిమల్‌గట్ట నుంచి బస్తా వస్తే కాటా మీద పెట్టి, ఉత్త బస్తా బరువు తరుగు తీసి, సరుకు వరకే లెక్క కడతాడు. అందుకే షార్జాలో ఉన్న కూతురు హిబా దగ్గరికి బయలుదేరే ముందు, పెట్టె తూచావా అని భార్య జోహ్రా అడిగితే నవ్వాడు.

"టికెట్ల ఇద్దరికి గల్పి ముప్పై కిలోలని రాసిండ్రు. ముప్పై కిలోల సామాను తూచి సదిరిన. పెట్టె తరుగు కింద పాయె. ఉత్త పెట్టెకు ఎవలన్న లెక్క గడ్తరా?"

జోహ్రాకు అదీ సబబుగానే తోచింది. ఆమె పరేషాన్ వేరు. పెట్టెలో రెండు తొక్కు డబ్బాలున్నాయి. మూతికి పచ్చగుడ్డ కట్టింది తనది. ఎర్రగుడ్డ కట్టింది పక్కింటి లింగక్కది. రెండూ మామిడి తొక్కే. మొన్న హిబా ఫోన్ చేసి, "అమ్మీ, లింగక్క చేతి తొక్కు మీదికి పానం గుంజుతాంది" అంది. కన్నతల్లి తొక్కు ఊసే ఎత్తలేదు. ఫోన్ స్పీకర్‌లో మోగిన ఆ మాట గోడవతల నుంచి విన్న లింగక్క మర్నాడే డబ్బా పట్టుకొని హాజరు.

"జోహ్రక్కా, ఇది పిల్లకియ్యి. నీది గూడ తీస్కపో, ఆడ పక్కింటోళ్లకు పంచుతది."

హైదరాబాద్ విమానాశ్రయంలో కౌంటరు పిల్ల పెట్టెను తూకం మీద పెట్టించింది. ముప్పై నాలుగు.

"పెట్టె తరుగు తియ్యి బిడ్డా" అన్నాడు వాహిద్.

"తరుగేంటి అంకుల్?"

"గదే, బస్తా బరువు. మాదిక్కు దాన్ని తూకంల పట్టం."

"విమానం పెట్టెను కూడా మోయాలి కదా అంకుల్. బరువు పెరిగినకొద్దీ ఎక్కువ ఇంధనం తాగుతుంది. ఏ పక్క ఎంత బరువుండాలో కూడా ముందే లెక్క చూసుకుంటారు."

"పైసలు గడ్త తియ్."

"కట్టినా ఒక్క పెట్టె ముప్పై రెండు దాటితే తీసుకోం. కింద దాన్ని ఎత్తేది మనిషే. పొద్దంతా అలాంటివే ఎత్తుతాడు. నడుం పోదూ?"

వాహిద్ పెట్టెను తూకం మీంచి దించాడు. అతని దుకాణంలో హమాలీ భీము ఈ ఎండాకాలం నుంచే నడుముకు పట్టీ కట్టుకొని తిరుగుతున్నాడు.

పక్కకు జరిగి పెట్టె తెరిచారు. నూనె ఓడే తొక్కు చేతిసంచిలో పెట్టనివ్వరట. బట్టలు పెడదామన్నా అది అప్పటికే నిండి ఉంది.

"ఒక డబ్బా తీసెయ్యి. నీదా, ఆమెదా?" అన్నాడు వాహిద్.

లింగక్కది తీస్తే ఆ కబురు తాము విమానం దిగకముందే సిరొంచ చేరుతుంది. తనది తీస్తే, కూతురు తన కళ్లముందే లింగక్క తొక్కు నాకుతూ కూర్చుంటుంది. జోహ్రా మొగుణ్ని కింది నుంచి మీదికి చూసి, కౌంటరు వైపు తిరిగింది.

"బిడ్డా, మనుషుల్ని గూడ తూస్తరా?"

"లేదు ఆంటీ."

"హిబా అబ్బా, ఇటురా."

రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, పెళ్లిళ్లకు వేసే షేర్వానీ, తన ఉన్ని శాలువా అతని చేతుల్లో కుప్పపోసి బాత్‌రూం వైపు తోసింది. అన్నీ ఒంటికి ఎక్కించుకోవాలి.

ఒంటరిగా మిగిలిన జోహ్రా రెండు డబ్బాల వంక చూసింది. పచ్చగుడ్డ విప్పింది. ఎర్రగుడ్డ విప్పింది. అటుది ఇటు, ఇటుది అటు కట్టి మూత బిగించేసింది.

వాహిద్ చేతులు కిందికి వాలని బొమ్మలా నడిచొచ్చాడు. పెట్టె గట్టెక్కింది. అయినా అతనికి మనసు ఊరుకోలేదు.

"గా బరువే నా మీదెక్కి విమానంల వస్తాంది గద, మల్ల నీకేం లాభమాయె?"

"ఎత్తేవాడికి లాభం అంకుల్. మిమ్మల్ని ఎవరూ ఎత్తక్కర్లేదుగా!"

లోపల తనిఖీ దగ్గర షేర్వానీ విప్పమన్నారు. శాలువా విప్పమన్నారు. దాని కింద చొక్కా, ఆ కింద ఇంకో చొక్కా. "ఇంకెంతమంది ఉన్నారు లోపల?" అన్నాడు తనిఖీ చేసేవాడు. వెనక వరుసంతా ఘొల్లుమంది.

షార్జాలో, ఎర్రగుడ్డది లింగక్కదని వాహిద్ చెప్పగానే హిబా అన్నం వడ్డిస్తూనే ఆ గుడ్డ విప్పి, వేలితో తీసి నాలిక మీద వేసుకొని కళ్లు మూసుకుంది.

"అమ్మీ! లింగక్క తొక్కంటే గిట్లుండాలె."

జోహ్రా కడుపు నిండిపోయింది. పచ్చగుడ్డ డబ్బా కూడా రుచి చూసిన హిబా మర్యాదకు తల ఊపింది. "నీది గూడ మంచిగనే ఉంది. జర ఉప్పెక్కువైంది."

అంతటితో ఆగితే బాగుండేది. ఆ పిల్ల అప్పటికప్పుడే లింగక్కకు ఫోన్ కలిపి అందరికీ వినపడేలా పెట్టింది. మెచ్చుకోళ్లన్నీ విని లింగక్క గొంతు అక్కడి నుంచి ఖంగున మోగింది.

"మీ అమ్మకు ఎన్నిసార్లు జెప్పిన బిడ్డా, ఉప్పు జర చెయ్యి బట్టి ఎయ్యుమని! ఇంటేనా? ఏం జోహ్రక్కా, ఇంటున్నవా?"

జోహ్రా ఆ ఉప్పు తొక్కు డబ్బాకు పచ్చగుడ్డ బిగించి కట్టింది.

"ఇంటున్న లింగక్కా" అంది.

"నిజమే, లింగక్క చెయ్యే చెయ్యి" అంటూ వాహిద్ ఎర్రగుడ్డ డబ్బాను తన దగ్గరికి లాక్కున్నాడు.