సమాధి మీద సిమెంటు

చోడవరంలో తాపీ పని చేసే దాసుకి రోజా ఒక్కతే కూతురు. పదహారేళ్లు. డిసెంబరులో ట్యూషన్ నుంచి వస్తుంటే, వడ్డాది రోడ్డు మీద వెనక్కి వస్తున్న చెరకు ట్రాక్టరు ఆ పిల్లని సైకిలుతో సహా తొక్కేసింది.

మట్టి చేసిన రోజున పాస్టరు ఉదయ్‌కుమార్, రోజా తల్లి చిన్నతల్లి పక్కన కూర్చుని వాక్యం చెప్పాడు. అంత్యదినాల్లో సూర్యుడు చీకటైపోతాడు, చంద్రుడు రక్తంలా మారతాడు, ఆకాశంలో బూర మోగుతుంది, ప్రభువులో చనిపోయినవాళ్లు ముందుగా లేస్తారు. "మీ అమ్మాయి లేచి వస్తుందమ్మా" అన్నాడు. చిన్నతల్లి అప్పుడే ఏడుపు ఆపింది. మూడో రోజున దాసు తన చేతుల్తోనే సమాధి మీద ఇటుక పేర్చి, సిమెంటు పూసి నున్నగా చేశాడు.

మార్చిలో పున్నమినాడు గ్రహణం అన్నారు. సాయంత్రం ఉదయించేటప్పటికే చంద్రుడు ఎర్రగా ఉంటాడని, ఇదే ఆ గుర్తని ఫోనులో ఎవరో బోధకుడు గట్టిగా చెప్తున్నాడు. పొయ్యి దగ్గర కూర్చుని చిన్నతల్లి ఆ వీడియో మళ్లీ మళ్లీ చూసింది. దాసు పట్టించుకోలేదు. ఏదో ఒకటి వింటోంది, తింటోంది, అది చాలనుకున్నాడు.

ఆ రోజు దాసుకి కె.కోటపాడులో పని. గ్రహణం పూట ఇల్లు కట్టకూడదని ఇంటివాళ్లు మూడు గంటలకే పంపేశారు. వచ్చి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. మూలనుండే గునపం, సుత్తి లేవు. పక్కింటి అచ్చియ్యమ్మ కిటికీలోంచి చెప్పింది: "నీ పెళ్లాం సమాధుల తోట ఏపు ఎల్లింది బాబూ. పిలిస్తే పలకలేదు."

దాసు వెళ్లేసరికి చిన్నతల్లి గునపంతో సమాధిని పొడుస్తోంది. ఒక మూల పెచ్చు లేచింది. రెండు అరచేతులూ బొబ్బలెక్కి చితికిపోయాయి. పక్కన సంచిలో రోజా ఆకుపచ్చ చుడీదారు, నీళ్ల సీసా ఉన్నాయి.

"ఏటే ఇది? మతి పోయిందేటి నీకు?"

"ఈయేళ లేస్తాది. ఈ సిమెంటు అడ్డం."

"దేవుడు లేపితే సిమెంటు అడ్డమేటే?"

"దేవుడికి కాదయ్యా, మన గుంటకి, రోజాకి. దుప్పటి మొకం మీద కప్పితేనే ఊపిరాడదని తీసేసీది. నువ్వు నాలుగంగుళాలు ఏసేసేవు."

దాసు గునపం లాక్కున్నాడు. ఆమె చేతులు ఖాళీగా అలాగే గాల్లో ఉండిపోయాయి. వాటి వైపు చూశాడు. ఆ రోజు సిమెంటు కలుపుతున్నప్పుడు తనకి ఏ ఆలోచనా రాలేదు. పని బాగా కుదరాలనే చూసుకున్నాడు.

"పక్కకి జరుగు" అన్నాడు. "చెయ్యి ఇరగ్గొట్టుకుంటావు."

తను కట్టింది కాబట్టి ఎక్కడ కొడితే విడుతుందో తెలుసు. గంటలో మొత్తం ఊడదీశాడు. మట్టి మాత్రం ముట్టుకోలేదు. చిన్నతల్లి ఆ మట్టి మీది ఇటుక ముక్కలన్నీ ఏరేసింది. ఇద్దరూ తూర్పు వైపు తిరిగి కూర్చున్నారు. ఊళ్లో తలుపులన్నీ వేసేసి ఉన్నాయి.

ఆరు దాటాక చెరకు తోటల మీదుగా చంద్రుడు లేచాడు. సగం కొరికేసినట్టు ఉన్నాడు, మిగిలింది ఎర్రమట్టి రంగు. చిన్నతల్లి లేచి నిలబడింది. చుడీదారు తీసి మడతలు దులిపి రెండు చేతుల్తో పట్టుకుంది. దాసు నమ్మలేదు, అయినా మట్టి వైపే చూశాడు.

అరగంట గడిచింది. చంద్రుడు నిండుతూ, తెల్లబడుతూ పైకి వెళ్లిపోయాడు. దూరంగా తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో ఇల్లు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

అచ్చియ్యమ్మ ఫోను చేస్తే ఉదయ్‌కుమార్ బండి మీద వచ్చాడు. పగిలిన సమాధి చూసి చిన్నతల్లి దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు తల్లీ" అన్నాడు. "అది పరలోకంలోని తండ్రికి ఒక్కడికే తెలుసు."

"మరి గుర్తులు ఎందుకు సెప్పేరు అయ్యగారూ?"

"నువ్వు ఓర్చుకుంటావని."

"నేను ఓర్చుకోలేదు. ఎదురుసూసేను. మూడు నెల్లు ఎదురుసూసేను."

ఆయన వంగి ఇటుక ముక్కలు ఒకచోట చేర్చడం మొదలుపెట్టాడు. ఎవరూ ఆయన్ని ఆపలేదు, సాయం చెయ్యలేదు.

సమాధిని అలా వదిలేస్తే కుక్కలు తవ్వుతాయని సంఘపెద్దలు చెప్పారు. ఆ శనివారం దాసు మళ్లీ సిమెంటు కలిపాడు. ఈసారి ఇసుక, నీళ్లు చిన్నతల్లే మోసింది. పచ్చిగా ఉండగానే దాసు మేకుతో పేరు గీశాడు, పుట్టిన తేదీ గీశాడు. కింద అందరి సమాధుల మీదా ఉన్నట్టు 'ప్రభువునందు నిద్రించెను' అని మొదలుపెట్టబోయాడు.

"నిద్ర అని రాయకు" అంది చిన్నతల్లి. "సచ్చిపోయిందని రాయి."

దాసు ఆ మాట రాయలేకపోయాడు. డిసెంబరు తేదీ ఒక్కటే గీసి మేకు జేబులో వేసుకున్నాడు.

చిన్నతల్లి ఇప్పటికీ ఆదివారం చర్చికి వెళ్తుంది. ఆడవాళ్ల వైపు చివరి వరసలో కూర్చుంటుంది. పాట పాడదు. ఉదయ్‌కుమార్ ఆ తర్వాత అంత్యదినాల వాక్యం తియ్యలేదు. ఒక్కసారి తియ్యబోయి, ఆమె ఉన్న వైపు చూసి, పేజీ తిప్పేశాడు.