పై కుళాయికి వేసిన సీలు

అది కాదమ్మలూ, మీ నాన్న తప్పు చేశాడని రాయకు. ఆ మాట కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టు. మీ నాన్న గది శుభ్రం చేశాడు. అంతవరకే రాయి. ఎక్సైజ్ ఆఫీసరమ్మ వస్తోందని నేల కడిగాడు, గోడలు తుడిచాడు, స్టీలు ట్యాంకుని అద్దంలా తోమాడు. నువ్వు హాస్టల్లో ఉన్నావు, నీకు ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి చెప్పారు. మీ అమ్మని కన్నవాణ్ణి, నేను అక్కడే ఉన్నాను. నెమ్మదిగా చెబుతాను, నెమ్మదిగానే రాసుకో.

మన బీరు హాలు వెనక గదిలో పెద్ద ట్యాంకులో కొత్త బీరు పులుస్తోంది. పులిసేటప్పుడు గ్యాసు పుడుతుంది కదా. ఆ గ్యాసు ట్యాంకు నెత్తిమీది కుళాయిలోంచి గొట్టంలోకి వచ్చి, కింద నీళ్ళ బకెట్లో బుడబుడమని పోతుంది. దాంతోపాటు నురగా వస్తుంది. బకెట్ చుట్టూ ఎప్పుడూ జిగటే. క్రితంసారి వచ్చిన పాత ఆఫీసరు ఆ జిగట మీద కాలు జారబోయి, గది అశుభ్రంగా ఉందని నోటీసిచ్చి పోయాడు. అందుకని ఈసారి మీ నాన్న బకెట్ తీసి దాచేశాడు, గొట్టం ఊడదీశాడు, పై కుళాయి కట్టేశాడు. ఆఫీసరమ్మ అటు వెళ్ళగానే ఇటు తెరుద్దామనుకున్నాడు.

మన వ్యాపారం సంగతి నీకు తెలిసిందే. మనం కాచిన బీరు మన హాల్లోనే, గ్లాసులో పోసే అమ్మాలి. ఒక్క సీసా గడప దాటకూడదు. కొత్త ట్యాంకు నింపితే ఆఫీసు వాళ్ళొచ్చి కొలిచి, కుళాయికి సీలు వేసి పోతారు. మళ్ళీ వాళ్ళే వచ్చి తియ్యాలి. సీలంటే ఏముంది, సన్నటి తీగ, దానికో సీసం బిళ్ళ. కటింగ్ ప్లేయరుతో నొక్కితే తెగుతుంది. కానీ దాన్ని లైసెన్సుదారు తెంపితే లైసెన్సు పోతుంది. లైసెన్సు మీ అమ్మ పేరున ఉంది.

ఎప్పుడూ బీరు పట్టే కింది కుళాయికి ఒక్కదానికే వేసేవాళ్ళు. ఈ ఆఫీసరమ్మ కొత్తగా వచ్చింది. కింద వేసి, తలెత్తి పైకి చూసింది.

"పైన అదేంటి?"

"గ్యాసు కుళాయి మేడమ్," అన్నాడు మీ నాన్న.

"కట్టే ఉందిగా. దానికీ వేసేస్తాను. ట్యాంకుకున్న దారులన్నిటికీ వెయ్యమని ఉంది."

తానే నిచ్చెనెక్కి వేసింది. మీ నాన్న నోరు తెరవలేదు. ఇంతసేపూ తెరిచి ఉన్నదాన్ని నేనొస్తుంటే ఎందుకు కట్టావని అడిగితే ఏం చెప్పాలి? పైగా ట్యాంకు పక్కన ఇంకో చిన్న వాల్వు ఉంది, కుక్కరుకి ఉన్నట్టే. గ్యాసు ఎక్కువైతే దానంతటదే తెరుచుకుంటుంది. అది చూసుకుంటుందిలే అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఇంకో కొలత ఉంది, మళ్ళీ వస్తానని ఆవిడ కూడా అంది. మీ అమ్మ అప్పుడు హాల్లో గిరాకీ చూసుకుంటోంది. ఆమెకి ఈయన చెప్పలేదు. నాకూ చెప్పలేదు. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు, అది మాత్రం నేను చూశాను.

మర్నాడు పొద్దున ఆఫీసరమ్మ రాలేదు.

మధ్యాహ్నం హాల్లో ఐదారు బల్లల మీద జనం ఉన్నారు. నేను గ్లాసులు కడుగుతున్నాను. మీ అమ్మ వెనక గదిలోకి వెళ్ళి, గుమ్మంలోంచి నన్ను పిలిచింది.

"నాన్నా, ఒకసారి ఇలా రా."

గొంతు చాలా నెమ్మదిగా ఉంది. మీ అమ్మ గొంతు పెంచితే నాకు భయం లేదు, తగ్గిస్తేనే భయం. వెళ్ళాను. గ్యాసు ఒత్తిడి చూపే గేజిలో ముల్లు ఎర్రగీత దాటి ఉంది. మీ అమ్మ పక్క వాల్వుని వేలితో తట్టింది. కదలలేదు. నురగ ఎండి అందులో గట్టిపడిపోయింది. తర్వాత తలెత్తి పై కుళాయి చూసింది. అక్కడ సీసం బిళ్ళ వేలాడుతోంది.

"ఇది ఎవరు కట్టారు?"

మీ నాన్న అప్పుడే బార్లీ బస్తా దించుకుని లోపలికి వచ్చాడు.

"నేనే కట్టాను. ఆవిడ సీలు వేసేసింది."

"వేస్తుంటే చెప్పలేదా?"

"చెబుదామనే అనుకున్నాను..."

"అనుకుంటూ కూర్చోండి," అంది మీ అమ్మ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. చల్లబరిచే మిషను మీట చివరిదాకా తిప్పింది. చల్లబడితే పులియడం మందగిస్తుంది, గ్యాసు పుట్టడం తగ్గుతుంది. ఉన్న ఐసంతా తెమ్మంది. నేనూ మీ నాన్నా గోనెసంచులు తడిపి ట్యాంకుకి చుట్టి, సందుల్లో ఐసు కుక్కాము. చేతులు కొంకర్లు పోయాయి. ముల్లు కదలలేదు. కదలకపోతే మంచిదే కదా అనుకున్నాను నేను. ఇంకాసేపటికి చూస్తే ఇంకొంచెం పైకే పోయింది.

మీ అమ్మ ఆఫీసరమ్మకి ఫోన్ చేసింది. అందరికీ వినబడేలా పెట్టింది. ఆవిడ ఏదో కేసులో సాక్ష్యానికి వేరే ఊరి కోర్టుకి వెళ్ళిందట.

"మేడమ్, పై సీలు ఒక్కటి తీసుకోనివ్వండి. ట్యాంకు ఉబ్బుతోంది."

"ఫోన్లో నేను అనుమతి ఇవ్వలేనండి. నేను ఎదురుగా ఉంటేనే తియ్యాలి. ముట్టుకోకండి, బయల్దేరుతున్నాను."

"ఎప్పటికి వస్తారు?"

"సాయంత్రం అవుతుంది."

"అప్పటికి ఇది ఉంటుందో లేదో మేడమ్."

"ముట్టుకోకండి," అని మళ్ళీ అంది ఆవిడ. పెట్టేసింది.

మీ అమ్మ చెయ్యి తుడుచుకుని హాల్లోకి వెళ్ళింది. నవ్వు మొహం పెట్టుకుంది.

"ఇవాళ్టికి కట్టేస్తున్నాం. గ్లాసులు అక్కడే వదిలేసి లేవండి."

"సగం గ్లాసు వదిలేస్తే పాపం తగులుతుందమ్మా," అన్నాడొకాయన.

"ఆ పాపం నా లెక్కలో వేసుకోండి. లేవండి."

"పోనీ బయట నిలబడి తాగుతాను."

"ఆ గ్లాసు గడప దాటితే నా లైసెన్సు పోతుంది బాబూ. లెండి మరి."

వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు. వెనక గది గోడకి అవతల మన టైలరు కొట్టు. ఆ గోడకే ఆనించి నలుగురు ఆడపిల్లలు మిషన్లు కుడతారు. నన్ను అక్కడికి పంపింది. నేను వెళ్ళి, అందరూ బయటికి రండయ్యా అన్నాను.

"ఏంటి పెద్దాయనా, మీ బీరు మా గోడ దూకి వస్తుందా?" అన్నాడు టైలరు, నోట్లో దారం పెట్టుకుని.

"వచ్చేలాగే ఉంది."

"వస్తే రానీ, నేనూ ఒక గ్లాసు పట్టుకుంటా."

"బీరు ఒక్కటే రాదురా, దాంతో ఇనుము కూడా వస్తుంది," అన్నాను. నా మొహం చూసి దారం ఉమ్మేశాడు. పిల్లల్ని లేపి రోడ్డు అవతలికి పంపాడు.

నేను తిరిగి వచ్చేసరికి వెనక గదిలో కొత్త చప్పుడు వినబడింది. సన్నగా, దోమ చెవిలో మోగినట్టు. ట్యాంకుకి మనిషి దూరేంత తలుపు ఉంటుంది చూడు, దాని అంచున రబ్బరు కొంచెం బయటికి పొంగింది. అక్కడినుంచి వస్తోంది. మీ నాన్న కటింగ్ ప్లేయరు పట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇలా ఇవ్వండి," అంది మీ అమ్మ.

"నేను ఎక్కుతాను."

"ఇవ్వండంటున్నానా. మీరు కంగారులో ఉన్నారు. కుళాయి ఒక్కసారిగా తిప్పేస్తారు, ట్యాంకు నెత్తి లేచిపోతుంది."

"సీలు నువ్వు తెంపితే..."

"తెలుసు. నాన్నని తీసుకుని బయటికి వెళ్ళండి."

మేమిద్దరం వెళ్ళలేదు. వెళ్ళినట్టు గుమ్మం దాకా వెళ్ళి ఆగాము. నా కూతురు ఆ ఉబ్బిన ట్యాంకు పక్కన నిచ్చెనెక్కుతుంటే గుమ్మం చెక్క పట్టుకుని చూశాను. తీగ ఒక్క నొక్కుకి తెగలేదు. అరచేత్తో పట్టి లాగి, మళ్ళీ నొక్కింది. బిళ్ళ కింద పడ్డ చప్పుడు వినబడింది. తర్వాత కుళాయి పిడి కొంచెం, చాలా కొంచెం తిప్పింది.

అమ్మలూ, ఆ రొద నేనెప్పుడూ వినలేదు. రైలింజను గదిలోకి వచ్చినట్టయింది. నురగ తెల్లగా లేచి కప్పుకి కొట్టుకుని, ఆమె నెత్తి మీద పడింది. కళ్ళు మూసుకునే పిడి పట్టుకుంది. వదల్లేదు. కాసేపు తిప్పడం, ఆపడం, తిప్పడం, ఆపడం. మీ నాన్న పరుగెత్తి నిచ్చెన పట్టుకున్నాడు, ఆయన మీద కూడా నురగే. ముల్లు ఎర్రగీత దిగింది, ఇంకా దిగింది. ఆ దోమ చప్పుడు ఆగింది.

కిందికి దిగాక ఆమె అరచెయ్యి చూశాను. తీగ కోసుకుని నెత్తురు కారుతోంది. గుడ్డ కట్టాను. కాసేపు ముగ్గురం తడినేల మీదే కూర్చున్నాము. అప్పుడు మీ నాన్న అన్నాడు:

"నేను తెంపానని చెబుదాం."

"ఎందుకు?"

"నువ్వు తెంపితే లైసెన్సు పోతుంది. పనివాడెవడైనా తెంపితే జరిమానాతో సరి. వాడిని మాత్రం మళ్ళీ ఇక్కడ అడుగు పెట్టనివ్వరు. నేను అడుగు పెట్టకపోతే కొంప మునిగిందా? నువ్వు నడుపుకో. మామయ్యగారు తోడుంటారు."

మీ అమ్మ ఏమీ అనలేదు. సరేనంది కాబోలు అనుకున్నాడు ఆయన. నేనూ అలాగే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఆ దారే బాగుందనిపించింది.

పొద్దుగూకే వేళకి ఆఫీసరమ్మ వచ్చింది. చెప్పులు విప్పకుండా నేరుగా వెనక గదిలోకి నడిచింది. కింద బిళ్ళ చూసింది.

"ఎవరు తెంపారు?"

"నేనే మేడమ్," అన్నాడు మీ నాన్న. "మా ఆవిడ వద్దంటున్నా వినలేదు."

"కాదు మేడమ్," అంది మీ అమ్మ. "నేను తెంపాను."

"నన్ను కాపాడాలని అలా అంటోంది, పట్టించుకోకండి."

మీ అమ్మ గుడ్డ విప్పి అరచెయ్యి చాచింది. ఆఫీసరమ్మ ఆ కోత చూసింది, తెగిన తీగ చూసింది, కప్పు మీద ఎండిన నురగ చూసింది. తర్వాత పై కుళాయి వైపు చాలాసేపు చూసింది.

"ఇది కట్టి ఉందనే కదా నేను సీలు వేసింది," అంది, తనలో తాను అనుకున్నట్టు.

"నేనే కట్టాను మేడమ్. మీకు చెప్పలేదు," అన్నాడు మీ నాన్న. ఈసారి నిజమే.

"నేనూ అడగలేదు," అంది ఆవిడ. కూర్చుని రిపోర్టు రాసుకుంది. రాసింది చదివి వినిపించింది. పులుస్తున్న ట్యాంకు గ్యాసు కుళాయికి తాను సీలు వేశానని కూడా అందులో ఉంది. దానివల్ల ఆవిడకి ఏ మాట పడుతుందో నాకు తెలీదు. "లైసెన్సు ఉంచాలా తియ్యాలా అన్నది నా చేతిలో లేదండి. పైవాళ్ళు మీ ఇద్దర్నీ పిలిచి అడుగుతారు. అంతవరకూ అమ్మకం ఆపెయ్యండి," అని హాలు తలుపుకి తాళం వేసి, ఆ తాళానికి సీలు వేసి పోయింది.

ఆవిడ అటు వెళ్ళగానే మీ నాన్న ఇటు తిరిగాడు.

"పరాయి మనిషి ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు. నీ కోసమే కదా చెప్పాను."

మీ అమ్మ తలొంచుకుని గుడ్డ కట్టుకుంటోంది. జవాబు చెప్పలేదు. అప్పుడు చెప్పి ఉంటే బాగుండేది. ఆయన చొక్కా మార్చుకుని మీ పెదనాన్న ఇంటికి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆమె చేస్తే ఫోనెత్తడం లేదు.

ఆయన వెళ్ళాక నేను ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకమ్మా అలా చేశావు? బతుకుతెరువు పోతుందే."

"ఆయన కాచకపోతే నేను అమ్మేదేముంది నాన్నా?" అంది. తర్వాత కాసేపాగి అంది, "అదీ కాదు. ఆయన రోడ్డు మీద నిలబడి లోపలికి చూస్తుంటే, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చోగలనా? లైసెన్సు పోతే ఇద్దరం కలిసి ఇంకో పని చూసుకుంటాం. ఇది ఉండి ఆయన బయట ఉంటే, నాకెందుకిది?"

ఈ మాట ఆయనతో నువ్వే చెప్పరాదా అంటే, ఎత్తితే కదా చెప్పడానికి అంది. నన్ను చెప్పమనలేదు. వద్దనీ అనలేదు.

వచ్చే బుధవారం పెద్ద ఆఫీసులో ఇద్దర్నీ రమ్మన్నారు. ఆయన రాకపోతే, కుళాయి ఎందుకు కట్టాడో చెప్పేవాళ్ళుండరు. మీ అమ్మ ఒక్కతే నిలబడుతుంది. నేను ఫోన్ చేస్తే, బాగున్నారా మామయ్యగారూ అని మర్యాదగా మాట్లాడి పెట్టేస్తున్నాడు. నువ్వు చేస్తే పెట్టెయ్యడు. రాసుకున్నదంతా ఫోన్లో మొదటినుంచీ చదువు. తొందరపడి చదవకు, నేను చెప్పినట్టే ఆగి ఆగి చదువు. మీ అమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చోగలనా అన్న మాట రెండుసార్లు చదువు. మీ నాన్నకి వినిపించు తల్లీ.