బాజీ మేస్త్రి షెడ్డులో అమెరికా ఇంజిన్

నేను ఒక ఇంజిన్ని. కారుని కాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే జనం కళ్ళన్నీ కారు మీదే ఉంటాయి. ఎర్ర రంగు, పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, చుట్టూ మెరిసే పట్టీలు. సెల్ఫీలన్నీ దానికే. ఆ ముక్కు కింద ఎనిమిది సిలిండర్లతో ఒళ్ళు హూనం చేసుకునేది నేనని ఎవరికి పట్టింది?

నేను పుట్టింది అమెరికాలో, మంచు కురిసే ఓ ఊళ్ళో. ఏభై ఏళ్ళ పైమాట. పెట్రోలు మంచినీళ్ళలా దొరికే రోజులు కాబట్టి నన్ను ఆ ధీమాతోనే తయారుచేశారు. తాగడంలో నన్ను మించినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇంకో గుణం కూడా ఉంది నాకు. ఒకచోట నిలబెడితే కుదురుగా ఉండను. గుడగుడమంటూ, ఆగి ఆగి, బండి మొత్తాన్ని ఊపేస్తాను. అది రోగం కాదు, నా పుట్టుకే అంత. రోడ్డు ఖాళీగా దొరికితే అప్పుడు చూడాలి నా తడాఖా!

మొదట నన్ను కొన్న కుర్రాడు పిల్లలు పుట్టాక రెండు తలుపులు చాలవని అమ్మేశాడు. తర్వాతాయన పందాలకు తిప్పి, నడుం పట్టేసి మానుకున్నాడు. ఆయన పోయాక భార్య నన్ను గడ్డి కొట్టంలోకి తోయించి, పద్దెనిమిదేళ్ళు ఎలుకలకు అప్పగించింది. మనుషుల మోజు ఎన్నాళ్ళుంటుందో నాకు అక్కడే తెలిసొచ్చింది.

అలాంటి నన్ను వెతుక్కుంటూ వచ్చినాయన వేగేశ్న వెంకటపతిరాజుగారు. ఆయనకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో ఓ టైర్ల కొట్టు క్యాలెండరు మీద మా కారు బొమ్మ చూశారట. నలభై ఏళ్ళు ఆ బొమ్మని మనసులో పెట్టుకుని, ఆఖరికి ఓడ మీద విశాఖపట్నానికి రప్పించారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, ఎదురుగా గుమ్మడికాయ కొట్టారు. ఆ మర్యాదకి నేను నిజంగానే పొంగిపోయాను.

అక్కణ్ణుంచి లారీ మీద బెజవాడ ఆటోనగర్‌కి వచ్చాం. ఎడమవైపున్న స్టీరింగుని కుడివైపుకి మార్చాలి, గతుకుల రోడ్ల కోసం బండిని కాస్త ఎత్తు చెయ్యాలి. ఆ పని షేక్ బాజీ మేస్త్రికి అప్పగించారు. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్ళుగా లారీ ఇంజిన్ల మధ్యే బతికినవాడు. మిగతా మేస్త్రీలు ఇంజిన్ మీద స్క్రూడ్రైవరు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వింటారు. ఈయన పిడిని పళ్ళతో కరిచి పట్టుకునేవాడు. అదేదో ఆయన స్టైలనుకునేవారు చుట్టుపక్కల వాళ్ళు. నాకు ఒక్కరోజులోనే అర్థమైపోయింది, పాపం, మేస్త్రికి చెవుడు.

ఎదుటివాళ్ళ పెదాలు చూసి జవాబు చెప్పేవాడు, పళ్ళకి తగిలే అదురుతో జబ్బు కనిపెట్టేవాడు. ఈ సంగతి భార్య జాన్‌బీకి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఒక్క లారీ కూడా ఆ షెడ్డు మెట్టెక్కదు. అలాంటి మనిషి నన్ను మొదటిసారి స్టార్ట్ చేసి, నా మీద అరచెయ్యి వేసి, కొయ్యబారిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వినబడతన్నావురా! కడుపులోకొచ్చి వినబడతన్నావు!" అన్నాడు.

నా గురించి ఎంతోమంది ఎన్నో అన్నారుగానీ, ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు. ఆ రోజు నుంచి నేను ఆ మనిషికి సొంతమైపోయాను.

స్టీరింగు మారింది. రాజుగారు బావమరిది విశ్వనాథరాజుని పక్కన కూర్చోబెట్టుకుని బండిని ఊళ్ళోకి తీశారు. పటమట సిగ్నలు దగ్గర ఆగామో లేదో, నా అలవాటు ప్రకారం ఊగడం మొదలుపెట్టాను. చుట్టూ జనం మూగారు. ఎవడూ నా బలమెంతని అడగలేదు. "మైలేజెంతిస్తదండీ?" అని ఒకడు, "ఇంజిన్ పోయినట్టుందండీ, వణికిపోతంది" అని ఇంకొకడు. లీటరుకి మూడు కిలోమీటర్లని రాజుగారు నోరు జారారు. ఇంకేముంది, ఆటోవాళ్ళు పకపకా నవ్వారు. ఆయన మొహం కందగడ్డయింది.

"బావగారండీ, నా మాట ఇనండి. ఇది పీకించేసి జీపు డీజిలింజినెయ్యించెయ్యండి, ఆయ్! పైన దర్జా దర్జాయే, మైలేజీ మైలేజీయే" అన్నాడు విశ్వనాథరాజు.

నాకు ఒళ్ళు మండిపోయింది. భయమూ వేసింది. ఎందుకు దాచుకోవాలి? బండిలోంచి దిగిన పాత ఇంజిన్ చేరేది తుక్కు కొట్టుకే. అక్కడ సమ్మెటలతో ముక్కలు చేసి కొలిమిలో పారేస్తారు.

తిరిగి షెడ్డుకి రాగానే రాజుగారు ఆ మాటే చెప్పారు. మేస్త్రి ఆయన పెదాల వంకే చూస్తూ నిలబడిపోయాడు. షెడ్డులో నలుగురు లారీ డ్రైవర్లు, ఇద్దరు ఓనర్లు టీ తాగుతున్నారు. వాళ్ళంతా చూస్తుండగానే చేతులు జోడించాడు.

"రాజుగారూ, నాకు చెవులు పోయి మూడేళ్ళయిందండీ. లారీలు, జీపులు, ఏదీ వినబడదు. పళ్ళతో పట్టుకుని నెట్టుకొస్తన్నా. ఇదొక్కటే వినబడతందండీ. దీన్ని మాత్రం తీసెయ్యమనమాకండి."

ఆ మాట నోట్లోంచి రానివ్వకుండా ఉంటే ఎంత బాగుండేదో! నాకోసం తన కూడు తానే తన్నేసుకున్నాడు పిచ్చి మేస్త్రి. టీ తాగుతున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని గ్లాసులు కింద పెట్టారు.

 రాజుగారు చెడ్డమనిషి కాదు, కాకపోతే జనం నవ్వితే తట్టుకోలేడు. "బండి నడవాలి గదయ్యా బాజీ. రోజూ చెరువు గట్టు మీదకెళ్ళాలి. పోనీ, ఈ ఇంజిన్ నువ్వే ఉంచుకో" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రి తన చేతులతోనే నన్ను గొలుసు కట్టి పైకి లేపాడు. నా చోట్లో ఓ జీపు ఇంజిన్ కూర్చుంది. ఆ కారు ముక్కు ఎత్తుకుని, టకటకమని జీపులా దగ్గుకుంటూ భీమవరం వెళ్ళిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి.

లారీలు ఒక్కొక్కటే వేరే షెడ్లకి మళ్ళాయి. మేస్త్రికి ఇప్పుడు పంపుసెట్లు, చిన్నాచితకా పనులు మిగిలాయి. ఆయనేమో నాకు ఇనుప స్టాండు కట్టాడు, రేడియేటరు పెట్టాడు, డబ్బాలోంచి పెట్రోలు వచ్చే ఏర్పాటు చేశాడు. శుక్రవారం నమాజు నుంచి రాగానే ఓ ఐదు నిమిషాలు నన్ను నడిపిస్తాడు. "ఇంటో స్కూటరుకి లేని పెట్రోలు దీనికి తాగిస్తన్నావు" అని జాన్‌బీ సణుగుతుంది. సణుగుతూనే పీట తెచ్చి వేస్తుంది.

పోయిన శుక్రవారం రాజుగారు వచ్చారు. బస్సులో వచ్చారు, ఆ దగ్గే కారు ఎక్కబుద్ధి కావడం లేదట. మనిషి చిక్కిపోయారు.

"ఓసారి స్టార్ట్ చెయ్యవయ్యా" అన్నారు.

మేస్త్రి స్టార్ట్ చేశాడు. రేకులు అదిరాయి, గోడకి వేలాడే పానాలు గలగలలాడాయి. మేస్త్రి నా మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. రాజుగారు పీట మీద తలొంచుకుని కూర్చున్నారు. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. కాసేపటికి లేచి, మేస్త్రి పక్కకొచ్చి అడిగారు.

"తప్పయిపోయిందయ్యా బాజీ. దీన్ని మళ్ళీ బండిలో పెట్టేసి నాకిచ్చేస్తావా?"

మేస్త్రి కళ్ళు తెరవలేదు, రాజుగారి పెదాలు చూడలేదు. ఆయన మొహంలో చిన్నగా నవ్వు కదులుతోంది. రాజుగారు ఆయన భుజం తట్టబోయి, చెయ్యి అలాగే గాల్లో ఆపేశారు. ఆ మొహాన్ని కాసేపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వెళ్ళి మళ్ళీ పీట మీద కూర్చున్నారు. రెండోసారి అడగలేదు.